ఎదుటివాడి ఎత్తు ముందే కనబడే ఆట: ఇన్‌టు ద బ్రీచ్

చదరంగం నేర్పేవాళ్ళం పిల్లలకి రోజూ చెప్పే మాట ఒకటుంది. "నీ ఎత్తు వేసే ముందు అవతలివాడు ఏం చేయబోతున్నాడో చూడరా" అని. మన మాట పూర్తయ్యేలోపే ఎనిమిదేళ్ళ పిల్లాడి చెయ్యి గుర్రం మీదికి పోతుంది. వాడికి వాడి దాడే కనబడుతుంది. అవతల శకటు తన ఏనుగుని తినడానికి కాచుకుని ఉందన్న సంగతి, అది తినేశాక గాని కనబడదు. ఈ ఒక్క అలవాటు పడటానికి కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది.

'ఇన్‌టు ద బ్రీచ్' అనే కంప్యూటర్ గేమ్ మీద నాకింత ఇష్టం కుదరడం దీనివల్లే. అందులో శత్రువు తన ఎత్తేమిటో ముందే బోర్డు మీద చూపించేస్తాడు. ఎవర్ని కొడతాడో, ఏ వైపు నుంచి కొడతాడో, ఎంత దెబ్బో, ఎవరి తర్వాత ఎవరో, ఏదీ దాచడు. ఆ తర్వాతే మన వంతు. అన్నీ తెలిసిన తర్వాత నువ్వేం చేస్తావన్నదే ఆట.

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రాలు పిల్లలకి చదరంగం చెబుతాను. మన ఊరివాడు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, ఆ మరుసటి ఏడే పక్కనున్న కృష్ణా జిల్లా అమ్మాయి కోనేరు హంపి అయింది. అప్పటినుంచి ఈ రెండు జిల్లాల్లో అమ్మానాన్నలు పిల్లల్ని చదరంగంలో పెట్టడం ఎక్కువైంది. మంచి విషయమే. ఈ గేమ్ నాకు చూపించింది మా అక్క కొడుకు. వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడు లాప్‌టాప్ నా ముందు పెట్టి, "పిన్నీ, ఇదీ నీ బోర్డే, ఎనిమిది బై ఎనిమిది" అన్నాడు. చూస్తే నిజంగా అరవై నాలుగు గళ్ళే. కాకపోతే గళ్ళలో కొండలున్నాయి, నీళ్ళున్నాయి, అడవులున్నాయి, మనుషులుండే ఇళ్ళున్నాయి.

కథ చిన్నదే. ఎప్పుడో రాబోయే కాలంలో సముద్రాలు పొంగి భూమి చాలావరకు మునిగిపోయింది. మిగిలిన కొన్ని దీవుల్లో జనం బతుకుతున్నారు. నేల అడుగునుంచి వెక్ అనే పెద్ద పెద్ద పురుగులు పైకొచ్చి ఊళ్ళ మీద పడుతున్నాయి. వాటిని ఆపడానికి భవిష్యత్తు నుంచి ముగ్గురు పైలట్లు మూడు యంత్రాల్లో వెనక్కి వస్తారు. మనం నడిపేది ఆ మూడింటినే. ఒక్కో వంతుకి ఒక్కో యంత్రం ఒకసారి కదిలి, ఒకసారి దెబ్బ వేయొచ్చు. యుద్ధం మామూలుగా ఐదు వంతుల్లో అయిపోతుంది. ఆ ఐదు వంతులు ఊరిని నిలబెడితే చాలు. వచ్చిన పురుగులన్నిటినీ చంపి తీరాలన్న నియమమేమీ లేదు.

ఇదే ఈ గేమ్‌లో గొప్ప సంగతి అని నా అభిప్రాయం. చాలా యుద్ధం ఆటల్లో శత్రువు చస్తేనే గెలుపు. ఇక్కడ చంపడం రెండో పని, జరపడం మొదటి పని. దాదాపు ప్రతి ఆయుధమూ అవతలివాణ్ణి ఒక గడి అటో ఇటో నెడుతుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ తగిలిన కాయ పక్క కాయని తాకి దాన్ని ఇంకో దారి పట్టించినట్టుగా, ఒక్క చిన్న తోపుతో బోర్డు మొత్తం లెక్క మారిపోతుంది. పురుగు కొట్టే దిక్కు మాత్రం మారదు. తూర్పుకి గురిపెట్టినదాన్ని ఒక గడి కిందికి నెడితే, అది ఆ కొత్త గడిలోంచి తూర్పుకే కొడుతుంది. అక్కడ ఇల్లు లేకపోతే దెబ్బ వృథా. అక్కడ దాని తోటి పురుగే ఉంటే దానికే తగులుతుంది.

ఒక వంతు వివరంగా చెబుతాను. అర్థం కావడానికి చదరంగం గళ్ళ పేర్లే వాడుతున్నాను: ఎడమనుంచి కుడికి ఎ నుంచి హెచ్ దాకా, కిందినుంచి పైకి 1 నుంచి 8 దాకా. గేమ్‌లో బోర్డు కొంచెం ఏటవాలుగా కనబడుతుంది, అయినా అలవాటైపోతుంది.

సీ5లో మిణుగురు ఉంది. గేమ్‌లో దాన్ని ఫైర్‌ఫ్లై అంటారు, మా పిల్లలు మిణుగురు అనే పిలుస్తారు. అది కుడివైపు నేరుగా నిప్పు ఉమ్ముతుంది, ఆ వరసలో ఎఫ్5లో ఇల్లుంది. ఈ4లో స్కారబ్, అంటే పేడపురుగు. అది మధ్యలో ఏమున్నా వాటి మీదుగా ఎగరేసి దూరంగా ఉన్న గడిలో వేస్తుంది, గురి ఈ7లో ఉన్న ఇల్లు. జీ2లో తేలు, దానికి పై గడిలోనే జీ3లో ఇల్లు. ఇళ్ళు మూడు, దెబ్బలు మూడు, మన యంత్రాలు మూడు. ఒక్కోదానికి ఒక్కోటి సరిపోయేలాగే ఉంది గదా అనిపిస్తుంది. సరిపోదు. మన మొదటి దళం రిఫ్ట్ వాకర్స్‌లో ఫిరంగి యంత్రానికీ, దూరం నుంచి గుండు వేసే ఆర్టిలరీ యంత్రానికీ ఒక్కో దెబ్బకి ఒక్క ప్రాణమే పోయే బలం. మిణుగురుకి మూడు ప్రాణాలు, పేడపురుగుకి రెండు, తేలుకి మూడు. ఈ రెండిటితో ఎవర్నీ ఒక్క దెబ్బకి చంపలేం.

తేలు సంగతి పిల్లలు తొందరగా పట్టేస్తారు. దాని ఎడమ గడి ఎఫ్2 నీళ్ళు. దళంలో మూడోదైన పిడికిలి యంత్రాన్ని హెచ్2లో నిలబెట్టి ఎడమవైపు గుద్దితే తేలు నీళ్ళలో పడుతుంది. ఎగరలేని మామూలు పురుగు నీళ్ళలో పడితే ఎన్ని ప్రాణాలున్నా పోతుంది. ఇక మిగిలినవి రెండు. ఫిరంగి యంత్రాన్ని సీ8కి తెచ్చి నిలువునా కిందికి కాలిస్తే, మిణుగురు సీ4లోకి జరుగుతుంది. ఎఫ్5 ఇల్లు బతికింది. కానీ పేడపురుగు ఇంకా ఈ7 వైపే చూస్తోంది. ఆర్టిలరీతో దాన్ని కొడితే ఒక్క ప్రాణమే పోతుంది, రెండోది మిగులుతుంది. ఆ యంత్రం వేసిన గుండు చుట్టుపక్కల గళ్ళవాళ్ళని నెడుతుంది గాని, గుండు పడిన గడిలోవాణ్ణి కదిలించదు. కాబట్టి పేడపురుగు ఉన్నచోటే ఉండి ఇల్లు కూలుస్తుంది.

క్లాసు అయ్యాక ఉండిపోయిన ఒక అమ్మాయికి ఈ స్థితి చూపించాను. ఐదో తరగతి చదువుతుంది, ఆటలో తొందరెక్కువ, లెక్క బాగా చేస్తుంది. చాలాసేపు స్క్రీన్ వంక చూసి, "మేడం, ఇప్పుడు మిణుగురు ఎవర్ని కొడుతుంది?" అంది. వేలితో సీ4 నుంచి కుడివైపు నాలుగో వరస వెంట గీత గీసింది. డీ4 ఖాళీ. ఈ4లో పేడపురుగు. "మేడం, దానికప్పటికి ఒక్క ప్రాణమే ఉంటుంది గదా! మిణుగురే చంపేస్తుంది" అని లేచి నిలబడింది. నేను ఒక్కటే అడిగాను: "రెండిట్లో ముందు కొట్టేది ఏదో చూశావా?" గేమ్‌లో ఆ వరస క్రమం కూడా చూసుకోవచ్చు. మిణుగురు మొదట, పేడపురుగు తర్వాత. ఒకవేళ అటూఇటూ అయుంటే పేడపురుగు ఇల్లు కూల్చేసి ఆ తర్వాత చచ్చేది. ఆ పిల్ల క్రమం చూసింది, ఆర్టిలరీ యంత్రాన్ని ఈ1లో పెట్టి గుండు వేసింది, వంతు ముగించింది. మూడిళ్ళూ నిలిచాయి. మిణుగురు రెండు ప్రాణాలతో ఇంకా బోర్డు మీదే ఉంది. ఉంటే ఉండనీ, వచ్చే వంతులో దానికీ ఏదో ఒక పని చెప్పొచ్చు.

"ఇప్పుడు మిణుగురు ఎవర్ని కొడుతుంది" అని ఆ పిల్ల తనంతట తను అడిగింది చూశారూ, ఆ ప్రశ్న కోసమే నేను ఇన్నేళ్ళుగా నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నది. చదరంగంలో అవతలివాడి ఆలోచన వాడి తలలో ఉంటుంది, మనం ఊహించుకోవాలి. చిన్నపిల్లలకి ఊహించడం రాక ముందు అసలు చూడటం రావాలి. ఈ గేమ్ ఊహ అక్కర్లేకుండా చేసి, చూపు ఒక్కటే మిగులుస్తుంది. చూపు అలవాటయ్యాక ఊహ దానంతట అదే వస్తుందని నా నమ్మకం. నా దగ్గర పిల్లల్లో అది జరగడం చూస్తున్నాను కూడా.

ఇదే తరహా సైన్స్ ఫిక్షన్ ఆటల్లో పెద్ద పేరు ఎక్స్‌కామ్‌ది. ఫిరాక్సిస్ వాళ్ళు 2012లో ఒకటి, 2016లో రెండోది తెచ్చారు. మా వాడికి ప్రాణం. గ్రహాంతరవాసుల మీద సైనికుల్ని నడపాలి, తుపాకీ పేల్చే ముందు తగిలే అవకాశం ఇంత శాతం అని చూపిస్తుంది. ఎనభై శాతం ఉన్నదీ తప్పిపోవచ్చు, తప్పినప్పుడు మనకి ఇష్టమైన సైనికుడు పోవచ్చు. ఆ ఉద్వేగం ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ గేమ్ గొప్పతనం నేనూ కాదనను. నాకు మాత్రం పాచిక పడకపోవడం వల్ల ఓడిపోయానన్న మాట పిల్లల నోట వినడం ఇష్టం ఉండదు. ఇన్‌టు ద బ్రీచ్‌లో మన దెబ్బ తప్పడమంటూ ఉండదు. వేశామంటే తగిలిందే. దెబ్బల్లో అదృష్టం ఉన్నది ఒక్కచోటే: ఇంటి మీద దెబ్బ పడినప్పుడు ఆ ఇల్లు తట్టుకునే అవకాశం కొద్దిగా, మొదట్లో 15 శాతం, ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని పిల్లలకి చెబుతాను. తట్టుకుంటే సంతోషం, అంతే.

ఇళ్ళ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఊళ్ళకి కరెంటు ఇచ్చే గ్రిడ్ ఒకటుంది, గరిష్ఠంగా 7 గీతలు. ఇంటికి తగిలిన ప్రతి దెబ్బకీ ఒక గీత తగ్గుతుంది. సున్నాకి వస్తే ఆట అయిపోయినట్టే, మూడు యంత్రాలూ నిక్షేపంగా ఉన్నా సరే. పైగా ఈ గీతలు యుద్ధం మారినా, దీవి మారినా అవే కొనసాగుతాయి. దీవి పూర్తయ్యాక సంపాదించిన నక్షత్రాలతో కొన్ని కొనుక్కోవచ్చు, కానీ ఆ నక్షత్రాలతోనే కొత్త ఆయుధాలూ, యంత్రాలకి శక్తినిచ్చే కోర్లూ కొనాలి. యంత్రాల సంగతి వేరు. వాటికి తగిలిన దెబ్బలు యుద్ధం అవ్వగానే బాగవుతాయి. కాబట్టి నిప్పు వస్తున్న దారిలో యంత్రాన్ని అడ్డంగా నిలబెట్టి, ఇంటికి తగలాల్సింది దానికి తగలనివ్వడం చాలాసార్లు మంచి ఎత్తు. కాకపోతే యంత్రం ప్రాణాలన్నీ పోతే అందులో ఉన్న పైలట్ చనిపోతాడు, తిరిగి రాడు. చదరంగంలో మంత్రిని బలివ్వడం నేర్పేటప్పుడు పిల్లలకి కళ్ళు మెరుస్తాయి. ఇక్కడ బలి అలా మెరిసే పని కాదు. ఇంట్లోవాళ్ళ కోసం యంత్రం తన ఒంటి మీద దెబ్బ వేసుకుంటుంది. అప్పుడప్పుడు ఆ ఇళ్ళలోంచి చిన్న చిన్న మాటలు పైకి తేలుతుంటాయి, మమ్మల్ని కాపాడటానికి వచ్చారు అన్నట్టుగా. ఆ మాటలు చదివాక ఆ ఇంటిని వదిలేయడం నా వల్ల కాదు.

నేలలోంచి పైకి రాబోయే పురుగులు ఏ గడిలోంచి వస్తాయో కూడా ముందే కనబడుతుంది. ఆ గడి మీద యంత్రాన్ని నిలబెడితే అది రాలేదు, మన యంత్రానికి ఒక ప్రాణం తగ్గుతుంది. ఇంకో పురుగుని ఆ గడిలోకి నెడితే ఆ ప్రాణం దానికే తగ్గుతుంది. మొదట్లో ఎవరికీ తట్టదు. తట్టాక ఇక మానలేరు.

దీవులు నాలుగు. మొదటిది ఆర్కైవ్, పాత భూమి ఎలా ఉండేదో అలా దాచిపెట్టుకున్న పచ్చటి చోటు. రెండోది ఆర్.ఎస్.టి., ఎడారి. అక్కడ ఇసుక గడి మీద దెబ్బ పడితే పొగ లేస్తుంది, పొగలో ఉన్న పురుగు కొట్టలేదు. అంటే పురుగు నిలబడ్డ ఇసుక మీద చిన్న దెబ్బ వేసినా దాని దాడి రద్దయిపోతుంది. చంపే బలం లేనప్పుడు ఇది ఎంత సాయమో ఆడితే గాని తెలియదు. మూడోది పినకిల్, మంచు దీవి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అక్కడ కొన్ని గళ్ళు వచ్చే క్షణంలో గడ్డకట్టబోతున్నాయని ముందే గుర్తు పెడుతుంది. గడ్డకట్టినవాడు కదల్లేడు, కొట్టలేడు. ఇంటికి మంచు పడితే అది ఇంటికి కవచం, మొదటి దెబ్బకి మంచు పగులుతుంది, ఇల్లు నిలుస్తుంది. కాబట్టి ఒక పురుగుని ఆ గుర్తు పెట్టిన గళ్ళలోకి నెట్టేస్తే ఈ వంతుకి దాని పీడ వదిలినట్టే. అదే వంతులో మన యంత్రం ఒకటి పొరపాటున అక్కడే ఉండిపోతే అదీ బిగుసుకుపోతుంది. నాలుగోది డిట్రిటస్, చెత్తని శుద్ధి చేసే చోటు, యాసిడ్ గుంటలూ, కదిలే బెల్టులూ ఉంటాయి. దాని అధిపతి పేరు విక్రమ్ సింగ్ అని చూసి పిల్లలు ముచ్చటపడ్డారు. రెండు దీవులు పూర్తి చేశాక ఎప్పుడైనా చివరి యుద్ధానికి వెళ్ళొచ్చు, నాలుగూ చేసి వెళితే అక్కడి పురుగులు అంత బలంగా ఉంటాయి.

దళాల్లో నాకు స్టీల్ జూడోకా ఇష్టం. ఒక యంత్రం పక్కనున్న పురుగుని పట్టుకుని తన వెనక గడిలోకి విసిరేస్తుంది. ఇంకోటి దూరంగా ఉన్నదాన్ని తన వైపు ఒక గడి లాగుతుంది. మూడోది గుండు వేస్తే, పడిన గడికి ఏమీ కాదు, చుట్టూ ఉన్న గళ్ళకి తగులుతుంది. వీటి సొంత బలం తక్కువే. ఆ దళానికి ఇంకో గుణం ఉంది: పురుగులు ఒకదాన్నొకటి కొట్టుకున్నప్పుడు దెబ్బ ఒకటి ఎక్కువ పడుతుంది. అంటే శత్రువు బలమే మన ఆయుధం. దీనితో ఆడటం మొదట్లో కష్టంగా ఉంటుంది, కొత్తవాళ్ళు దీనితో మొదలుపెట్టొద్దు. ఒకసారి పట్టు దొరికాక మాత్రం ఏ పురుగునీ మనం ముట్టుకోకుండా మూడు పురుగులూ ఒకదాన్నొకటి కొట్టుకునేలా అమర్చిన వంతు ఇచ్చే తృప్తి, నాకు చదరంగంలో మంచి ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) గెలిచినప్పటి తృప్తితో సమానం. మిగతా దళాల్లో రస్టింగ్ హల్క్స్ పొగతో పనిచేస్తాయి, ఫ్రోజెన్ టైటన్స్‌లో ఒకటి ఎదుటివాణ్ణి గడ్డకట్టించి తనూ గడ్డకట్టుకుంటుంది. ప్రతి దళంతోనూ ఆట పూర్తిగా మారిపోతుంది.

దీన్ని తయారుచేసింది సబ్‌సెట్ గేమ్స్ అనే చిన్న సంస్థ, మాథ్యూ డేవిస్, జస్టిన్ మా అనే ఇద్దరు మొదలుపెట్టినది. అంతకుముందు 2012లో వాళ్ళు చేసిన అంతరిక్ష నౌక ఆట ఎఫ్.టి.ఎల్. కోసం కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో 10,000 డాలర్లు అడిగితే జనం రెండు లక్షలకి పైగా ఇచ్చారు. ఇన్‌టు ద బ్రీచ్ 2018 ఫిబ్రవరిలో వచ్చింది, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ స్ట్రాటజీ గేమ్ బహుమతి తీసుకుంది. 2022 జులైలో అడ్వాన్స్‌డ్ ఎడిషన్ పేరుతో ఐదు కొత్త దళాలూ, కొత్త ఆయుధాలూ, కొత్త పురుగులూ చేర్చి, అప్పటికే కొన్నవాళ్ళకి పైసా తీసుకోకుండా ఇచ్చారు. నాలుగేళ్ళ తర్వాత కూడా కొన్నవాళ్ళని గుర్తుపెట్టుకుని ఇంత పని ఉచితంగా ఇవ్వడం చూసి వాళ్ళ మీద గౌరవం పెరిగింది. సంగీతం బెన్ ప్రంటీది. తగ్గు స్థాయిలో వింటూ ఆలోచించుకోవచ్చు, అడ్డం రాదు.

ఇక నాకు నచ్చనివి. పెద్దది ఒకటుంది, చదరంగం నేర్పేవాళ్ళకి ముఖ్యంగా తగిలేది. యంత్రాన్ని కదిపాక, దెబ్బ వేయకముందు ఆ కదలికని వెనక్కి తీసుకోవచ్చు, ఎన్నిసార్లైనా. యుద్ధానికి ఒకసారి మొత్తం వంతునే మొదటికి తిప్పుకోవచ్చు. ఐజాక్ జోన్స్ అనే పైలట్ ఉంటే ఇంకోసారి కూడా. అన్నీ ముందే తెలిసే ఆటకి ఇది తగిన నియమమే, తప్పనను. కానీ చదరంగంలో ముట్టుకున్న పావు కదపాల్సిందే. ఈ గేమ్ ఎక్కువగా ఆడిన పిల్లలు కొందరు బోర్డు దగ్గర కూడా పావు కదిపి, వేలు తీయకుండా అటూ ఇటూ చూడటం మొదలుపెట్టారు. టోర్నమెంట్‌లో అలా చేసి ఇంకో పావుకి మారతానంటే ఆర్బిటర్ ఒప్పుకోరు. అందుకని నా క్లాసులో ఒక షరతు పెట్టాను: గేమ్‌లో మూడు యంత్రాల ఎత్తులూ ముందు నోటితో చెప్పాలి, ఆ తర్వాతే మౌస్ ముట్టుకోవాలి. వెనక్కి తిప్పుకోవడం లేదు. అలా ఆడిస్తే ఆట కష్టమవుతుంది గాని, మేలు రెట్టింపవుతుంది. ఇంట్లో ఆడించే తల్లిదండ్రులు కూడా ఈ పద్ధతి పెట్టుకోవచ్చు.

కథ పలచన. పైలట్ల మాటలు అక్కడక్కడా బాగుంటాయి, కానీ కాలం వెనక్కి వచ్చిన మనుషుల బాధ, ఓడిపోయిన ప్రతిసారీ ఒక పైలట్ ఇంకో కాలంలోకి దూకి మళ్ళీ మొదలుపెట్టడం, ఇంత పెద్ద విషయాన్ని రెండు మూడు వాక్యాల్లో దాటేశారు. వెనక వదిలేసి వచ్చిన దీవుల్లో జనం ఏమయ్యారో చెప్పరు. నాకు అది తెలుసుకోవాలని ఉంటుంది.

తెలుగు లేదు. మాటలు తక్కువే గాని, ఆయుధం ఏం చేస్తుందో ఆ రెండు పంక్తులు చదవకపోతే ఆడలేం. తెలుగు మీడియం పిల్లలకి మొదటి కొన్ని రోజులు పక్కన కూర్చుని చెప్పాల్సి వస్తుంది. బొమ్మలూ గుర్తులూ స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఆ తర్వాత వాళ్ళే చూసుకుంటారు. ఇంకోటి, ఇక్కడ అన్ని దెబ్బలూ నాలుగు దిక్కులకే, ఐమూలగా ఏదీ పోదు. శకటు దారి ఇంకా సరిగా రాని పిల్లలకి దీనివల్ల ఆ లోటు తీరదు, దానికి మామూలు అభ్యాసమే దిక్కు.

హింస గురించి అడిగేవాళ్ళకి: చిన్న చిన్న చుక్కల బొమ్మలు, పురుగులు, రక్తం కనబడదు. పిల్లలకి చూపించడానికి నేను వెనకాడలేదు.

మా ఇంట్లో ఉన్నది పాత లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఎక్కడా ఆగలేదు. ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయినా బ్యాటరీ మీద హాయిగా నడుస్తుంది, యుద్ధం మధ్యలో మూసేసినా తర్వాత అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల అంగడిలో దొరుకుతుంది, అమెరికాలో ధర 14.99 డాలర్లు, మనకి రూపాయల్లో చూపిస్తుంది. సేల్ రోజుల్లో బాగా తగ్గిస్తారు, తొందర లేకపోతే ఆగి కొనండి. నింటెండో స్విచ్ మీద కూడా ఉంది. 2022లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లకీ వచ్చింది, కానీ చిన్న స్క్రీన్ మీద వేలి కింద గడి కనబడకుండా పోతుంది. టాబ్లెట్ గాని లాప్‌టాప్ గాని ఉంటే దాని మీదే ఆడండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈజీ స్థాయిలో, రిఫ్ట్ వాకర్స్‌తో, అడ్వాన్స్‌డ్ సరంజామా ఆపేసి ఆడండి. రెండు దీవులు గెలిచి చివరి యుద్ధం చూసేదాకా దళం మార్చొద్దు. పిల్లలతో ఆడించేవాళ్ళు మౌస్ వాళ్ళకే ఇవ్వండి, మీరు సలహా చెప్పకండి. వంతు మొదలవగానే "ఎవరు ఎవర్ని కొట్టబోతున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి.